పాత్ర లోపాలు: ఫాంటసీ టేబుల్‌టాప్ ఆటల్లో కల్పన, సమతూకం

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో ఆటగాడు తన పాత్రకు కోరి తెచ్చిపెట్టుకునే బలహీనతను లోపం అంటారు. ఒంటికన్ను, ముక్కోపం, నిప్పంటే హడలు, తీరని అప్పు, వెంటాడే పగవాడు, ఇచ్చిన మాట దాటలేని మొండితనం, అన్నీ ఈ కోవలోకే వస్తాయి. చాలా ఆటలు లోపాన్ని ఊరికే మోయమనవు. నెత్తికెత్తుకున్నందుకు కొన్ని అదనపు పాయింట్లో, ఒక కొత్త నేర్పో, పాచికను రెండోసారి వేసే అవకాశమో ఇస్తాయి. అచ్చయిన నియమాల పుస్తకంలో లేని లోపాలను ఆటగాళ్లు, ఆటను నడిపించే గేమ్ మాస్టర్లు సొంతంగా అల్లుకోవడమూ ఈ ఆటలంత పాత అలవాటే. అలా ఇంట్లో తయారైన నియమాలకు హోమ్‌బ్రూ అని పేరు.

హోమ్‌బ్రూ లోపాలకు వచ్చే చిక్కంతా సమతూకం దగ్గరే. ఎంత కష్టానికి ఎంత ఫలం ఇవ్వాలి? లోపం పేరు ఎంత భయంకరంగా ఉన్నా, ఆటలో అది ఎన్నిసార్లు ఎదురైంది, ఎదురైనప్పుడు ఎంత నష్టం చేసింది, ఆ నష్టం ఎవరు భరించారు అన్న మూడు ప్రశ్నల మీదే దాని అసలు విలువ నిలుస్తుంది. పాత్రను తయారు చేసే రోజున ఈ మూడింటిలో ఒక్కదానికీ జవాబు తెలియదు. కాబట్టి ముందుగా చెల్లించే పద్ధతి కంటే, లోపం కాటు వేసినప్పుడల్లా చెల్లించే పద్ధతే సొంత నియమాలు రాసుకునేవారికి నమ్మదగింది. యాభై ఏళ్ల ఈ ఆటల చరిత్ర కూడా మెల్లగా అటువైపే నడిచింది.

చరిత్ర

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వెలువడింది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం లేక్ జెనీవా ఊళ్లో పుట్టిన టీఎస్ఆర్ సంస్థ దాన్ని మూడు చిన్న పుస్తకాలుగా వేసింది. అందులో లోపాలకు వేరే జాబితా లేదు. బలం, తెలివి, వివేకం, దేహదారుఢ్యం, చురుకుదనం, ఆకర్షణ అనే ఆరు గుణాలకు మూడేసి పాచికలు వేసేవారు. ఏ గుణానికి 4 పడితే అదే ఆ పాత్ర లోపం. దానికి ప్రతిఫలమూ లేదు, ఫిర్యాదుకు తావూ లేదు.

1975లో వచ్చిన గ్రేహాక్ అనుబంధంలో పాలడిన్ అనే ధర్మవీరుడు ప్రవేశించాడు. ఇతరులకు లేని శక్తులు అతనికి ఉంటాయి, ధర్మం తప్పితే అవి పోతాయి. శక్తికి నియమాన్ని వెలగా కట్టడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. తర్వాత వచ్చిన అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఎల్ఫులకు, మరుగుజ్జులకు పుట్టుకతోనే ఎన్నో లాభాలుండేవి. బదులుగా చాలా వృత్తుల్లో వాళ్లు ఒక లెవెల్‌ను మించి ఎదగకూడదు. ఈ హద్దు పెద్ద శిక్షలాగే కనిపిస్తుంది. కానీ చాలా జట్ల ఆట ఆ లెవెల్ చేరకముందే ఆగిపోయేది. అలాంటి జట్టులో ఎల్ఫు లాభాన్ని మొదటి రోజు నుంచీ అనుభవించాడు, నష్టం మాత్రం ఎన్నడూ రాలేదు. రేపెప్పుడో కరిచే లోపానికి ఈరోజే జీతం ఇస్తే ఏమవుతుందో ఈ ఒక్క నియమం చెబుతుంది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ దాన్ని తీసేసింది.

లోపాన్ని పాయింట్లకు అమ్ముకునే పద్ధతిని నలుగురికీ అలవాటు చేసింది ఫాంటసీ ఆట కాదు, సూపర్‌హీరోల ఆట. జార్జ్ మెక్‌డొనాల్డ్, స్టీవ్ పీటర్సన్ 1981లో తెచ్చిన ఛాంపియన్స్‌లో వీరుడు తన శక్తులను పాయింట్లతో కొనుక్కుంటాడు, బలహీనతలు ఒప్పుకుని మరిన్ని పాయింట్లు తెచ్చుకుంటాడు. పగవాడు వెంటాడే లోపానికి వాళ్లు పెట్టిన కొలత ఈరోజుకీ పనికొస్తుంది. మూడు పాచికల మొత్తం 8 లోపు పడితే పగవాడు ఈసారి కథలోకి వస్తాడు అనుకోవచ్చు, 11 లోపు అనుకోవచ్చు, 14 లోపు అనుకోవచ్చు. అంటే నాలుగింట ఒకసారి, నూటికి 62 సార్లు, నూటికి 90 సార్లు. ఎంత తరచుగా వస్తే అంత ఎక్కువ పాయింట్లు. నష్టం చేయని లోపానికి పాయింట్లు దక్కవన్న సూత్రం కూడా ఈ ఆట ద్వారానే ప్రచారమైంది.

స్టీవ్ జాక్సన్ 1986లో తెచ్చిన గర్ప్స్ ఈ లెక్కను అన్ని రకాల కథలకూ విస్తరించింది. 1987లో జోనథన్ ట్వీట్, మార్క్ రైన్-హేగెన్ రాసిన ఆర్స్ మాజికా మధ్యయుగపు ఐరోపా మాంత్రికులకు సుగుణాలు, లోపాలు జతచేసింది. రైన్-హేగెన్ రూపొందించిన వాంపైర్: ది మాస్కరేడ్ 1991లో వచ్చాక లోపం ఎంచుకోవడం పాత్ర నిర్మాణంలో అందరూ ఎదురుచూసే ఘట్టమైంది. అందులో ఒక్కో వంశానికి పుట్టుకతో వచ్చే శాపం ఉంటుంది. నోస్ఫెరాటు వంశంవారి రూపం మనుషులు చూసి తట్టుకోలేనిది, వెంట్రూ వంశంవారు తమకు నియమితమైన ఒక రకం మనుషుల రక్తం తప్ప తాగలేరు. వీటికి అదనంగా ఆటగాడు సొంతంగా లోపాలు ఎంచుకోవచ్చు. వాటికి 7 పాయింట్ల గరిష్ఠ హద్దు ఉంది. ఆ హద్దు ఎందుకు అవసరమైందో చెప్పడం కష్టం కాదు. హద్దు లేకపోతే కుంటి, గుడ్డి, పిచ్చి, అప్పులవాడు అన్నీ ఒకే మనిషిలో కలిసి, అన్నిటికీ బదులుగా ఎవరూ గెలవలేని ఒక మహాయోధుడు తయారవుతాడు.

ముందుగా ధర కట్టడం

ముందుగా చెల్లించే పద్ధతి ఎక్కడ తడబడుతుందో చూడాలంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్ 3.5 ఎడిషన్‌కు 2004లో అనుబంధంగా వచ్చిన అన్‌ఎర్త్‌డ్ ఆర్కేనా పుస్తకం మంచి ఉదాహరణ. హోమ్‌బ్రూ రాసేవారిలో చాలామందికి అదే నమూనా. అందులో నియమం సరళంగా ఉంటుంది: మొదటి లెవెల్ పాత్ర రెండు లోపాల దాకా తీసుకోవచ్చు, ఒక్కో లోపానికి ఒక్కో ఫీట్, అంటే ఒక ప్రత్యేక నేర్పు, అదనంగా దక్కుతుంది.

ఆ జాబితాలో వణికే చేతులవాడి లోపం ఒకటి ఉంది. దూరం నుంచి చేసే దాడులన్నిటికీ పాచికలో 2 తగ్గుతుంది. విలుకాడికి ఇది నిజమైన దెబ్బ. గొడ్డలి తప్ప మరో ఆయుధం ముట్టని యోధుడికి ఇది దాదాపు ఉచిత ఫీట్. పుస్తకం ఇద్దరికీ ఒకే ధర కట్టింది. దీనికి జంటగా ఉన్న మరో లోపంలో దగ్గరి దాడులకు 2 తగ్గుతుంది. దాన్ని ఎవరు తీసుకుంటారో వేరే చెప్పాలా? విలుకాడు, మాంత్రికుడు.

ఇరవై ముఖాల పాచికలో 2 అంటే నూటికి 10 వంతుల తేడా. ఈ పది అందరికీ ఒకే బరువు కాదు. 11 పడితే తగిలే దెబ్బకు అవకాశం 50 శాతం. 2 తగ్గితే 40 శాతం, అంటే ఐదోవంతు నష్టం. 17 పడితేనే తగిలే గట్టి శత్రువు మీద అవకాశం 20 శాతం. 2 తగ్గితే 10 శాతం, అంటే సగానికి సగం పోయినట్టు. ఒకే లోపం బలహీన శత్రువుల మీద చిన్న ఇబ్బందిగా, పెద్ద శత్రువు ముందు ఘోరంగా మారుతుంది.

లెవెల్‌కు ఒక ప్రాణబిందువు తగ్గించే లోపం కూడా ఇలాంటిదే. ఆ ఎడిషన్‌లో మాంత్రికుడికి లెవెల్‌కు నాలుగు ముఖాల పాచిక, సగటున రెండున్నర. అందులో ఒకటి పోతే నూటికి 40 వంతులు పోయాయి. బార్బేరియన్‌కు పన్నెండు ముఖాల పాచిక, సగటున ఆరున్నర. ఒకటి పోయినా అతనికి 15 వంతులే నష్టం. దేహదారుఢ్యం వల్ల కలిసేవి కూడా లెక్కిస్తే అతని నష్టం వంతు ఇంకా తగ్గుతుంది. చూపు, వినికిడి పరీక్షల్లో 4 తగ్గించే లోపం గురించి మరో మాట చెప్పాలి. జట్టులో డేగకళ్ల వేటగాడు ఒకడుంటే చాలు, కాపలా పని అతనిది, ఈ లోపం గుర్తుకు కూడా రాదు. సాటివాడు తీర్చగలిగిన లోపం ధర ఎప్పుడూ కాగితం మీద ఉన్నదానికంటే తక్కువే.

అదే పుస్తకంలో ట్రెయిట్ అనే చిన్న నియమాలూ ఉన్నాయి. అవి లోపాల కంటే చక్కగా కుదిరాయి. దూకుడు స్వభావం ఉన్న పాత్ర పోరులో ముందు కదలడానికి 2 కలుపుకుంటుంది, రక్షణలో 1 పోగొట్టుకుంటుంది. లాభమూ నష్టమూ ఒకే స్వభావంలోంచి వచ్చాయి, ఒకే పోరులో కనిపిస్తాయి. వీటిని విడదీసి ఒకదాన్ని అటక మీద పెట్టడం కుదరదు. ఒక నష్టాన్ని వంద రకాల లాభాల్లో ఏదో ఒకదానికి మార్చుకోనివ్వడం కంటే ఇది ఎంతో భద్రమైన దారి. 1997లో వచ్చిన ఫాలౌట్ కంప్యూటర్ ఆటలోని స్వభావాలదీ ఇదే తీరు. ఆ ఆటను మొదట గర్ప్స్ నియమాలతోనే మొదలుపెట్టి తర్వాత సొంత పద్ధతికి మారారు.

గర్ప్స్ విషయానికొస్తే, నిగ్రహం అన్న భావనను లెక్కలోకి తెచ్చిన ఘనత దానిది. నాలుగో ఎడిషన్ 2004లో వచ్చింది. అందులో ముక్కోపానికి మూల ధర 10 పాయింట్లు. కోపం వచ్చే సందర్భం ఎదురైనప్పుడు ఆటగాడు మూడు పాచికలు వేస్తాడు. మొత్తం తన నిగ్రహ సంఖ్యకు మించకపోతే ఓర్చుకున్నట్టు. ఆ సంఖ్య 12 అయితే మూల ధర, 9 అయితే ఒకటిన్నర రెట్లు, 6 అయితే రెండు రెట్లు, 15 అయితే సగం. ఎంత అందమైన నియమమో! ఒకే లోపం నాలుగు తీవ్రతల్లో దొరుకుతుంది. అయితే పాచికల లెక్క వేసి చూస్తే ఒక మూల ఒరుగుడు కనిపిస్తుంది. 6 సంఖ్య ఉన్నవాడు నూటికి సుమారు 91 సార్లు అదుపు తప్పుతాడు. 9 ఉన్నవాడు 62 సార్లు, 12 ఉన్నవాడు 26 సార్లు, 15 ఉన్నవాడు 5 సార్లు కూడా తప్పడు. అదుపు తప్పే అవకాశం ఆ చివరి నుంచి ఈ చివరికి దాదాపు ఇరవై రెట్లు పెరిగితే, ధర మాత్రం నాలుగు రెట్లే పెరిగింది. పాయింట్ల కోసం మాత్రమే చూసేవాడికి 15 సంఖ్య మంచి బేరం, ముక్కోపిని మనసారా ఆడాలనుకునేవాడికి 6 సంఖ్య చెడ్డ బేరం. గర్ప్స్ రచయితలకు ఇది తెలియక కాదు. లోపాలన్నీ కలిపి మొదటి పాయింట్లలో సగానికి మించకుండా గేమ్ మాస్టర్ చూసుకోవాలన్న సలహా ఆ పుస్తకంలోనే ఉంది. ఈ నియమాన్ని అరువు తెచ్చుకునే హోమ్‌బ్రూ రచయిత మాత్రం ధరల్ని ఒకసారి తిరిగి తూచుకోవడం మంచిది.

ఇంతా చెప్పాక ముందుగా చెల్లించే పద్ధతిని పూర్తిగా కొట్టిపారేయడం న్యాయం కాదు. ఎప్పుడూ, ఎక్కడైనా, అందరికీ ఒకేలా ఉండే లోపాలకు అది బాగానే నప్పుతుంది. నడక వేగం సగమైన పాత్ర ప్రతి పోరులోనూ నెమ్మదిగానే నడుస్తుంది. దానికి ముందే ధర కట్టవచ్చు.

కాటుకు కూలి

రెండో పద్ధతిలో పాత్రకు లోపం ఉన్నందుకు ఏమీ ఇవ్వరు. లోపం కథలో అడ్డుపడినప్పుడు, ఆ క్షణాన, ఒక చిన్న ప్రతిఫలం ఇస్తారు. అడ్డుపడని లోపానికి కూలి లేదు కాబట్టి దొంగబేరాలకు చోటుండదు. ధర కట్టే బాధ్యత రచయిత మీది నుంచి ఆట మీదికి మారుతుంది.

దీన్ని ఫేట్ కుటుంబానికి చెందిన ఆటలు బాగా పదును పెట్టాయి. 2013లో ఈవిల్ హ్యాట్ సంస్థ తెచ్చిన ఫేట్ కోర్‌లో ప్రతి పాత్రకూ ఒక తిప్పలు ఉండాలి. "తమ్ముడి కోసం ఏ గడ్డయినా కరుస్తాడు" అని ఒక వాక్యంలో రాసుకుంటే చాలు. సమయం చూసి గేమ్ మాస్టర్ ఒక ఫేట్ పాయింటు చేతిలో పట్టుకుని అడుగుతారు: నీ తమ్ముడు అటువైపు కనిపించాడు, కోట గోడ వదిలేసి వెళ్తావా? ఒప్పుకుంటే పాయింటు ఆటగాడిది. కాదంటే తన దగ్గరున్న పాయింటు ఒకటి ఎదురు ఇచ్చుకోవాలి. ఆ పాయింటుతో తర్వాత ఎప్పుడైనా పాచిక ఫలితానికి 2 కలుపుకోవచ్చు. ఇక్కడ లోపం ఒక ప్రశ్న రూపంలో వస్తుంది, జవాబు ఆటగాడి చేతిలో ఉంటుంది.

షేన్ హెన్స్లీ 2003లో తెచ్చిన సావేజ్ వరల్డ్స్ రెండు పడవల మీదా కాలు పెట్టింది. పాత్ర తయారీలో లోపాలకు కొన్ని పాయింట్లు ఇస్తుంది, ఆటలో వాటిని బాగా ఆడితే బెన్నీ అనే బిళ్లలూ ఇస్తుంది. ఇది పని చేస్తుంది, ఎందుకంటే లోపం తీసుకుని మరిచిపోయినవాడికి సగం కూలే ముడుతుంది. జాన్ హార్పర్ 2017లో తెచ్చిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్‌లో దొంగల ముఠా సభ్యుడికి ఒక వ్యసనం తప్పనిసరి. సెషన్ ముగిశాక ఆ వ్యసనంతోనో, మనసుకు తగిలిన గాయాలతోనో సతమతమయ్యాడా అని అడుగుతారు. అవునంటే అనుభవ పాయింట్లు వస్తాయి.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నాటి అయిదో ఎడిషన్ ఈ బాటలోనే ఒక చిన్న అడుగు వేసింది. ప్రతి నేపథ్యానికీ గుణాలు, ఆదర్శాలు, బంధాలు, లోపాలు అని పట్టికలిచ్చింది. లోపాన్ని బాగా ఆడినవారికి డంజన్ మాస్టర్ (ఈ ఆటలో గేమ్ మాస్టర్ పేరు అదే) ఇన్‌స్పిరేషన్ అనే ప్రతిఫలం ఇవ్వవచ్చు. అది ఉన్నవాడు ఒకసారి రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు. యాభై శాతం అవకాశం డెబ్బై అయిదుకు చేరుతుంది. కానీ ఇవ్వడం పూర్తిగా డంజన్ మాస్టర్ గుర్తుపెట్టుకోవడం మీద ఆధారపడింది. రాక్షసుల ప్రాణాలు, మ్యాపులు, మాటలు అన్నీ మోస్తున్న మనిషికి అయిదుగురి లోపాలు గుర్తుండటం కష్టమే. 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ నేపథ్యాల్లో ఆ లోపాల పట్టికలు లేవు. ఇన్‌స్పిరేషన్ పేరు మార్చుకుని, పాచికను తిరిగి వేసే హక్కుగా మిగిలింది. ఆ పట్టికలు పోవడం ఒక నష్టమే. కొత్తగా ఆటకు వచ్చినవారికి పాత్ర అంటే అంకెల వరుస మాత్రమే కాదని మొదట చెప్పింది అవే.

లోపానికి ధరే అక్కర్లేదన్న దారి కూడా ఒకటుంది. గ్రెగ్ స్టాఫర్డ్ 1985లో రాసిన పెండ్రాగన్‌లో ఆర్థర్ రాజు కాలపు వీరులకు 13 జంట గుణాలు ఉంటాయి. ధైర్యం, పిరికితనం ఒక జంట. దయ, క్రౌర్యం మరో జంట. జంటలోని రెండూ కలిపి 20 కావాలి. ధైర్యం 15 అయితే పిరికితనం 5. సుగుణం పెరిగిన కొద్దీ లోపం తరుగుతుంది, ఎవరికీ ఏమీ చెల్లించనక్కర్లేదు. ఫాంటసీ ఆటల్లో మనిషి స్వభావాన్ని ఇంతకంటే నిజాయతీగా పట్టుకున్న నియమం అరుదు.

శాపం, బలహీనత

లోపం రాసేటప్పుడు అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సిన తేడా ఒకటుంది. మహాభారతం చదివినవారికి అది సులభంగా పట్టుబడుతుంది. కర్ణుడికి పరశురాముడిచ్చిన శాపం వల్ల అవసరమైన వేళ అస్త్రం గుర్తుకు రాదు. బ్రాహ్మణుడి శాపం వల్ల రథచక్రం నేలలో దిగబడుతుంది. ఈ రెండూ అతని మీదికి వచ్చి పడ్డవి, ఆ క్షణాన అతను చేయగలిగింది ఏమీ లేదు. ధర్మరాజుది వేరు. జూదం మీద ఇష్టం ఉంది, నేర్పు లేదు, ఆటకు పిలిస్తే కాదనలేడు. ప్రతి పందెం దగ్గరా లేచి వెళ్లిపోయే దారి ఉంది. వెళ్లలేదు. ఆ సభలో కథ నడిచిందంతా అతని నిర్ణయాల మీదే.

చదివేవాడికి కర్ణుడి శాపం గుండె కోస్తుంది. ఆట ఆడేవాడికి మాత్రం అది మంచి లోపం కాదు. కీలకమైన పోరులో "నీకు మంత్రం గుర్తు రావడం లేదు" అని గేమ్ మాస్టర్ చెప్పగానే ఆటగాడు చేతులు ముడుచుకుని కూర్చోవాలి. ధర్మరాజు లోపం ఉన్న ఆటగాడికి ప్రతిసారీ ఒక కష్టమైన ఎంపిక దొరుకుతుంది. హోమ్‌బ్రూ లోపాల్లో ఎక్కువభాగం శాపాలుగా రాయబడి విఫలమవుతాయి. వాటిలో ఆటగాడు తేల్చుకోవాల్సింది ఏమీ ఉండదు కాబట్టి వాటిని ఆడటానికీ ఏమీ ఉండదు.

భారం ఎవరిది

లోపం ఒకరిది, కూలి ఒకరిది, నష్టం మాత్రం అందరిదీ అయితే ఆ బల్ల దగ్గర స్నేహం నిలవదు. చేతివాటం ఆపుకోలేని దొంగ రాజుగారి సభలో ఉంగరం కొట్టేస్తే నలుగురూ చెరసాలలో పడతారు. అతనికేమో పాయింట్లు ముందే వచ్చేశాయి. ఎందుకు చేశావంటే "నా పాత్ర స్వభావమే అంత" అంటాడు. ఈ మాట వినని జట్టు ఉండదేమో.

అచ్చయిన నియమాలే ఈ పొరపాటు చేశాయి. 3.5 ఎడిషన్ నాటి పాలడిన్ దుష్టులని తెలిసినవారితో కలిసి తిరగకూడదు. చదవడానికి ఇది పాలడిన్ మీద పెట్టిన నియమం. ఆచరణలో మిగతా ఆటగాళ్లు ఎలాంటి పాత్రలు తీసుకోవచ్చో ఇదే శాసించింది. ఒకరు పాలడిన్ అయితే మరొకరు దుష్ట మాంత్రికుడు కాలేరు.

దీనికి మందు లోపాన్ని నీరుగార్చడం కాదు, నష్టం మొదట ఎవరి మీద పడాలో నియమంలోనే రాసుకోవడం. దొంగ తీసింది తన వాటాలోంచే పోతుందని, జాడలు తనవైపే చూపుతాయని రాయవచ్చు. కొన్ని జట్లు ప్రతిఫలాన్ని లోపం ఉన్నవాడికి కాక, దానివల్ల దెబ్బతిన్న సాటివారికి ఇస్తాయి. ఈ ఉపాయానికి రావాల్సినంత గుర్తింపు రాలేదు. ముక్కోపి వల్ల సంధి చెడిపోతే, నెలంతా ఆ సంధి కోసం మాటలు పేర్చిన ఆటగాడికి ఆ ప్రతిఫలం దక్కడమే న్యాయం.

ఒక లోపం తయారీ

డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నాటి అయిదో ఎడిషన్‌లో ఒక యోధురాలికి నిప్పు భయం రాయాలనుకుందాం. చిన్నప్పుడు ఆమె ఊరు తగలబడింది. ఎక్కువమంది మొదట రాసే నియమం ఇలా ఉంటుంది: నిప్పుకు 30 అడుగుల లోపు ఉంటే దాడులన్నిటికీ 2 తగ్గుతుంది, బదులుగా ఒక ఫీట్. గుహల్లో కాగడా లేని చోటుండదు. నియమాన్ని అక్షరాలా పాటిస్తే ఆమె ఎప్పుడూ బలహీనురాలే. డంజన్ మాస్టర్ చూసీచూడనట్టు వదిలేస్తే ఫీట్ ఉచితం. ఆ ఎడిషన్‌లో ఫీట్ ఒక గుణాన్ని 2 పెంచుకోవడంతో సమానం, అదీ జీవితాంతం. అప్పుడప్పుడు కరిచే లోపానికి జీవితాంతం జీతం ఇవ్వడం పొసగదు.

రెండో ప్రయత్నంలో మంట పరిమాణం తేలుస్తాం: కాగడా కంటే పెద్ద మంటకు 10 అడుగుల లోపు తన వంతు మొదలైతే వివేకం మీద సేవింగ్ త్రో (ముప్పును తట్టుకునే పరీక్ష) వేయాలి, లక్ష్యం 12. ఓడితే ఆ వంతులో మంట వైపు అడుగు వేయకూడదు. వివేకంలో ఏమీ కలవని యోధురాలు 12 గానీ అంతకు మించి గానీ వేయాలి, గెలుపు 45 శాతం. బాగానే ఉంది. ఇదే లోపాన్ని 17వ లెవెల్ పూజారి తీసుకుంటే? వివేకానికి 5, నేర్పుకు 6, మొత్తం 11 కలుస్తాయి. పాచికలో 1 పడినా 12 అవుతుంది. అతని భయం ఎప్పటికీ కనిపించదు. పైగా ఈ నియమంలో ఆటగాడి నిర్ణయం లేదు, భయపడాలో లేదో పాచిక చెబుతుంది.

మూడోసారి పాచిక తీసేసి ఎంపిక పెడతాం. పెద్ద మంట దగ్గర తన వంతు మొదలైనప్పుడు ఆటగాడే తేల్చుకోవాలి. వెనక్కి 10 అడుగులు తగ్గితే ఇన్‌స్పిరేషన్ వస్తుంది, సెషన్‌కు ఒకసారి. పళ్లు బిగించి నిలబడితే ఆ మంట దగ్గరున్నంతసేపు దాడులకు రెండు పాచికలు వేసి చిన్నది తీసుకోవాలి. యాభై శాతం అవకాశం ఇరవై అయిదుకు పడిపోతుంది. లెవెల్ ఎంత పెరిగినా ఈ లెక్క చెడదు. సాటివాడు మంటలో చిక్కుకున్న రోజున ఆమె ఏం చేస్తుందన్నది ఇప్పుడు బల్ల చుట్టూ అందరూ ఊపిరి బిగపట్టి చూసే ప్రశ్న.

ఇంకో కన్నం పూడ్చాలి. నూనె దీపం తన్ని తానే మంటపెట్టి, తానే భయపడి ప్రతిఫలం పట్టుకుపోయేవాళ్లు ఉంటారు. అందుకే ఆమె గానీ ఆమె జట్టు గానీ పెట్టిన మంటకు భయం ఉంటుంది, ప్రతిఫలం ఉండదు అని ఒక వాక్యం చేరుస్తాం. ఇక జట్టులో అగ్ని మంత్రాలే నేర్చిన మాంత్రికుడు ఉంటే ఈ లోపం అతని మీద కూడా పన్ను వేసినట్టే. అతని అనుమతి లేకుండా దీన్ని తీసుకోకూడదు. కథ మంచు దేశంలో జరిగితే ఈ లోపం చలిమంటల దగ్గర మాత్రమే పలుకుతుంది. ఎర్ర డ్రాగన్ల వేట అయితే ప్రతి పోరులోనూ గర్జిస్తుంది, సెషన్‌కు ఒకసారి అన్న హద్దు అప్పుడు ఆమెకు అన్యాయం. ఆ హద్దును కథను బట్టి డంజన్ మాస్టర్ సడలించాలి.

శరీరం, మనసు

పాత జాబితాల్లో గుడ్డితనం, కుంటితనం, మానసిక అనారోగ్యం పాయింట్లు తెచ్చే సరుకులుగా ఉండేవి. గర్ప్స్‌లో చూపు అసలు లేకపోతే 50 పాయింట్లు, ఒక కన్ను లేకపోతే 15. లెక్కగా ఇది తప్పు కాకపోవచ్చు. కానీ అదే స్థితిలో బతికే మనిషి బల్ల దగ్గర కూర్చున్నప్పుడు తన బతుకు ఇంకొకరి బేరంగా కనిపిస్తుంది. వాంపైర్‌లో మాల్కేవియన్ వంశం పుట్టుకతో మతిభ్రమ ఉన్నది. చాలామంది దాన్ని నవ్వులాటగా ఆడిన తీరు మీద ఎంతో విమర్శ వచ్చింది, అది రావాల్సిన విమర్శే. ఫేట్ వారి ఆక్సెసిబిలిటీ టూల్‌కిట్ వైకల్యం ఉన్న పాత్రలను గౌరవంగా ఆడటానికే రాసిన పుస్తకం.

హోమ్‌బ్రూ రాసేవారు పాటించదగ్గ పద్ధతి ఏమంటే, శరీర స్థితిని వర్ణనగా ఉంచి, పాయింట్లను పాత్ర కోరికలకు, భయాలకు, బంధాలకు కట్టడం. ఒంటికన్ను వీరుడు ఒంటికన్నుతోనే ఉంటాడు. అతని లోపం ఆ కన్ను తీసినవాడి మీద పగ. ఏ విషయాలు అసలు బల్ల మీదికి రాకూడదో ముందే మాట్లాడుకోవడం కూడా ఇందులో భాగం. రాన్ ఎడ్వర్డ్స్ ప్రచారంలోకి తెచ్చిన హద్దులు (అసలు రాకూడనివి), తెరలు (తెర వెనకే జరగాల్సినవి) అన్న పద్ధతిని, ఆట మధ్యలో ఇబ్బంది పడ్డవారు చూపే జాన్ స్టావ్రోపౌలోస్ ఎక్స్-కార్డును ఇందుకు ఎక్కువగా వాడుతున్నారు. వ్యసనం, పిల్లల మరణం, అగ్నిప్రమాదం వంటివి ఎవరి గాయాన్ని తాకుతాయో పుస్తకం రాసినవారికి తెలియదు, పక్కన కూర్చున్నవారికే తెలుస్తుంది.

లోపం తీరిపోతే

పాయింట్లు ముందే తీసుకున్న ఆటల్లో లోపం వదిలించుకోవాలంటే తిరిగి పాయింట్లు కట్టాలి. గర్ప్స్‌ది ఈ పద్ధతే. అప్పు తీర్చినట్టుగా ఉంటుంది కానీ కథకు అన్యాయం జరుగుతుంది. ఆరు నెలల ఆట తర్వాత యోధురాలు మంటల్లోకి దూకి పసిబిడ్డను బయటికి తెస్తే, ఆ రాత్రి ఆమె దగ్గర పాయింట్లు లేవన్న కారణంతో భయం అలాగే ఉండాలా? క్లింటన్ నిక్సన్ 2004లో తెచ్చిన ది షాడో ఆఫ్ యెస్టర్‌డే దీన్ని తిరగేసింది. అందులో ప్రతి పాత్రకూ తాళంచెవి అనే ప్రేరణ ఉంటుంది. దాని ప్రకారం నడిచినప్పుడల్లా అనుభవ పాయింట్లు వస్తాయి. ఒక నిర్ణాయక క్షణంలో దానికి పూర్తిగా ఎదురుతిరిగితే ఒకేసారి పెద్ద మొత్తం వస్తుంది, ఆ ప్రేరణ శాశ్వతంగా పోతుంది. లోపాన్ని జయించడం శిక్ష కాకుండా ఆ లోపం ఇచ్చే అతి పెద్ద బహుమతి అవుతుంది.

మన నిప్పు భయానికీ ఇదే చివరి వాక్యంగా చేర్చవచ్చు: ఎవరి ప్రాణం కోసమైనా మంటలోకి నడిచి వెళ్తే, ఆ సెషన్ చివర భయాన్ని కొట్టేసి, మొదట్లో ఇవ్వని ఆ ఫీట్‌ను అప్పుడు ఇవ్వాలి. డంజన్ మాస్టర్ ఒక్కటే చూసుకోవాలి. అంతకుముందు ఆ భయం బల్ల దగ్గర కొన్నిసార్లైనా నిజంగా కరిచి ఉండాలి, లేకపోతే రెండో సెషన్‌లోనే ఒక చలిమంట వెతుక్కుని దూకేస్తారు.